రోడ్ బైక్ పార్టులు ఇంట్లోనే మార్చుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత, ఎలా

రోడ్ బైక్ కొన్న కొన్నాళ్ళకి దీన్ని ఇంకొంచెం బాగు చేస్కోవచ్చు కదా అని అందరికీ అనిపిస్తుంది, వెంటనే చూపు గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సామానంతా కలిపిన సెట్) మీదకో కార్బన్ వీల్స్ మీదకో పోతుంది. నా మాట వినండి, అవి చివర్న చూద్దాం. సైకిల్ నేలని తాకే చోటు, మీ ఒళ్ళు సైకిల్‌ని తాకే చోటు, బ్రేక్ పట్టుకునే చోటు, ముందు ఈ మూడూ చూస్కోండి. ఖర్చు తక్కువ, పనిముట్లు తక్కువ, పైగా తేడా మొదటి రైడ్‌లోనే తెలిసిపోద్ది. గ్రూప్‌సెట్ మొత్తం మార్చేసి పాత గట్టి టైర్ల మీదే తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి రావాల్సిన సుఖం అస్సలు రావట్లేదని నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకోటి, ఒకసారికి ఒక్క పార్టే మార్చండి. టైర్లు, సీటు, చైన్, క్రాంక్ (పెడల్స్ తగిలించే చేతులు) అన్నీ ఒకే రోజు మార్చేస్తే ఆ తర్వాత ఎక్కడో టక్ టక్ మని శబ్దం మొదలైతే అది దేనివల్లో కనిపెట్టలేక చచ్చిపోతాం. ఒకటి మార్చండి, రెండు మూడు సార్లు తొక్కండి, బాగుందనుకున్నాకే ఇంకోటి.

కొనే ముందు రాసి పెట్టుకోవాల్సినవి

పార్టు కొనే ముందు మీ సైకిల్ గురించి కొన్ని కాగితం మీద రాస్కోండి. వెనక ఎన్ని గేర్లు, అంటే 8, 9, 10, 11, 12లో ఏది. బ్రేక్ రిమ్మా డిస్కా, డిస్కైతే కేబులా హైడ్రాలిక్కా. చక్రం క్విక్ రిలీజా (లివర్ తిప్పితే ఊడేది) త్రూ యాక్సిలా (లావుపాటి యాక్సిల్ దూర్చి బిగించేది). క్విక్ రిలీజ్ రోడ్ బైక్ అయితే హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు మామూలుగా ముందు 100, వెనక 130 మిల్లీమీటర్లు ఉంటది, ఇప్పటి డిస్క్ రోడ్ బైకుల్లో 12 మిల్లీమీటర్ల యాక్సిల్‌తో ముందు 100, వెనక 142 ఎక్కువ. సీట్ పోస్ట్ వ్యాసం ఎంతో పోస్ట్ మీదే అచ్చు వేసి ఉంటది, 27.2 చాలా కామన్. టైర్ పక్కన 28-622 లాంటి నంబర్ కనిపిస్తుంది, అందులో 28 అంటే వెడల్పు, 622 అంటే రిమ్ కొలత. 700సి అని పిలిచేది ఈ 622నే. ఇవన్నీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే కొనేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

బ్రాండ్లు కలపడం దగ్గర జాగ్రత్త. షిమానో షిఫ్టర్‌తో (గేర్ మార్చే మీట) స్రామ్ రోడ్ డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) నడవదు, ఎందుకంటే ఒక్కో క్లిక్కుకి లాగే కేబుల్ పొడవు వేరు. షిమానోలోనే 8, 9, 10 స్పీడ్ రోడ్ వెనక డిరైలర్లు ఒకదాని బదులు ఒకటి చాలావరకు పనిచేస్తాయి గానీ 11 స్పీడ్ వచ్చేసరికి ఆ లెక్క మారిపోయింది, 10 స్పీడ్ టియాగ్రా 4700 కూడా ఆ కొత్త లెక్కలోకే వస్తది. అందుకే "షిమానోనే కదా సరిపోద్దిలే" అనుకుని కొనొద్దు, మోడల్ నంబర్ చూసి కొనండి, అది డిరైలర్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటది.

పనిముట్లు

అలెన్ కీల సెట్ ఒకటి మంచిది కొనండి, 4, 5, 6 సైజులే ఎక్కువ వాడతాం. అరిగిపోయిన అలెన్ కీ బోల్టు తలని గుండ్రంగా చేసేస్తది, ఆ తర్వాత ఆ బోల్టు తీయడమే ఒక పెద్ద పని. టైర్ లివర్లు, గ్రీజు, చైన్ బ్రేకర్, చైన్ అరుగుదల చూసే గేజ్, కేబుల్ కట్టర్. క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) పని చేస్తే దాన్ని బిగించే లాక్‌రింగ్‌కి టూల్, క్యాసెట్ తిరగకుండా పట్టుకునే చైన్ విప్. వీటిని ఒకేసారి కొనక్కర్లేదు, ఏ పని మొదలుపెడితే దానికి కావాల్సింది కొనుక్కుంటూ పోవచ్చు.

కానీ టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో కొలిచే పనిముట్టు) మాత్రం మొదట్లోనే తీస్కోండి. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) బోల్టులు చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు, చేత్తో బిగిస్తే తెలీకుండానే దానికి రెట్టింపు దాటిపోతాం. అల్యూమినియం అయితే మరలు పోతాయి. కార్బన్ అయితే లోపల పొరలు నలిగిపోతాయి, పైకి ఏమీ కనపడదు, ఎప్పుడో గుంతలో పడ్డప్పుడు హ్యాండిల్ విరుగుద్ది. పార్టు మీద రాసిన అంకె చూడండి, దాన్ని దాటొద్దు. కార్బన్ పార్టు బిగించే చోట గ్రీజు కాకుండా కార్బన్ పేస్ట్ రాయండి, అందులో సన్నటి రవ్వలాంటిది ఉంటది కాబట్టి తక్కువ బిగింపుతోనే జారకుండా ఆగుతుంది. లోహపు మరలకి మాత్రం పల్చగా గ్రీజు పెట్టండి.

స్టాండ్ లేకపోయినా చాలా పనులు అవుతాయి. స్టాండ్ ఉంటే మాత్రం ఫ్రేమ్ గొట్టాన్ని కాదు, సీట్ పోస్ట్‌ని పట్టించండి, కార్బన్ ఫ్రేమ్ గొట్టాలు పల్చగా ఉంటాయి.

టైర్లు, అన్నిటికన్నా ముందు

సైకిల్‌తో వచ్చిన టైర్లు చాలావాటికి తీగ అంచు ఉంటది, బరువు, రబ్బరు కూడా గట్టిగా ఉంటది. వాటి బదులు మడత పెట్టగలిగే మంచి టైర్లు వేస్తే సైకిలే మారిపోయినట్టు ఉంటది. వెడల్పు విషయంలో, ఫ్రేమ్‌లో చోటు ఉంటే 23 నుంచి 25కి కాకుండా నేరుగా 28కి వెళ్ళిపొండి, డిస్క్ బ్రేక్ సైకిల్ అయితే 30, 32 కూడా పడతాయి. చోటు ఎలా చూడాలంటే ఇప్పుడున్న టైర్‌కీ ఫోర్క్‌కీ మధ్య, వెనక ఫ్రేమ్ గొట్టాలకీ మధ్య, పైన బ్రేక్‌కీ మధ్య కొలవండి, కొత్త టైర్ వేశాక అన్ని వైపులా కనీసం 4 మిల్లీమీటర్లు మిగలాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, టైర్ మీద 28 అని ఉన్నా రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే అది 29, 30 దాకా ఉబ్బుద్ది, కాబట్టి అంచు మీద కాకుండా కాస్త వదిలి లెక్కేస్కోండి.

గాలి దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. టైర్ పక్కన రాసిన గరిష్ఠ అంకె అంటే అంతకి మించొద్దని, అంత కొట్టమని కాదు. గట్టిగా కొడితే స్పీడు వస్తుందనేది అద్దంలా నున్నగా ఉన్న ట్రాక్ మీద కొంత నిజం, మామూలు రోడ్డు మీద మాత్రం ప్రతి చిన్న గరుకుకీ సైకిల్ ఎగురుద్ది, ఆ అదురులో మీ శక్తి పోతుంది, ఒళ్ళు కూడా తొందరగా అలిసిపోద్ది. 70 కిలోల మనిషి, 28 టైర్, లోపల ట్యూబ్ అయితే 65 నుంచి 75 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి చూస్కోవచ్చు. ముందు చక్రానికి వెనక దానికన్నా నాలుగైదు పీఎస్ఐ తక్కువ, బరువు వెనకే ఎక్కువ పడుతుంది కాబట్టి. హుక్‌లెస్ (లోపలి అంచుకి కొక్కెం లేని) రిమ్ములైతే 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ, దాటకూడదు, టైర్ కూడా హుక్‌లెస్‌కి పనికొస్తుందని కంపెనీ చెప్పినదే అయి ఉండాలి. ఇందులో బేరం లేదు, టైర్ రిమ్ము నుంచి ఊడొస్తది.

ఎక్కించే పద్ధతి చెప్తా, ఇక్కడే చాలామంది లివర్‌తో ట్యూబ్ చీల్చుకుంటారు. ముందు రిమ్ టేప్ చూడండి, స్పోక్ రంధ్రాలన్నీ మూసుకుని ఉండాలి. టైర్ పక్కన బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే వైపు ఉండాలి. ఒక అంచు మొత్తం రిమ్ములోకి ఎక్కించండి. ట్యూబ్‌కి ఆకారం వచ్చేంత కొంచెం గాలి కొట్టి, వాల్వ్ రంధ్రంలో దూర్చి, చుట్టూ లోపలికి సర్దండి. రెండో అంచుని వాల్వ్‌కి సరిగ్గా ఎదురుగా మొదలుపెట్టి రెండు చేతులతో రెండు పక్కలకీ నొక్కుకుంటూ వాల్వ్ దగ్గర ముగించండి. ఎందుకంటే రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటది, టైర్ అంచు ఆ గాడిలో కూర్చుంటే మిగతా చోట కాస్త వదులొస్తది, వాల్వ్ ఉన్న చోట మాత్రం అంచు గాడిలోకి దిగదు. కాబట్టి వాల్వ్ దగ్గర మొదలుపెడితే చివర్న బిగుసుకుపోయి ఏడిపిస్తది. ఆఖరి ఒక జానెడు మిగిలినప్పుడు లివర్ తీస్కోవద్దు, చక్రం చుట్టూ టైర్‌ని రెండు వైపులా నొక్కి మధ్య గాడిలోకి తోస్తూ రండి, ఆ వదులంతా చివరికి చేరుద్ది, అప్పుడు అరచేతి మడమతో ముందుకు దొర్లిస్తే ఠక్కున లోపలికి పడుద్ది. తర్వాత వాల్వ్‌ని ఒకసారి లోపలికి తోసి బయటికి లాగండి, చుట్టూ టైర్‌ని పక్కకి వంచి ఎక్కడైనా ట్యూబ్ అంచు కింద ఇరుక్కుందా చూడండి. సగం గాలి కొట్టి చక్రం తిప్పండి. టైర్ పక్కన రిమ్ము పొడవునా ఒక సన్నటి గీత ఉంటది, అది చుట్టూ ఒకే ఎత్తులో కనపడితే సరిగ్గా కూర్చున్నట్టు, ఎక్కడైనా మునిగితే గాలి తీసి అక్కడ సర్దండి.

ట్యూబ్‌లెస్ మంచిదే, చిన్న పంక్చర్లు వాటంతట అవే మూసుకుంటాయి, కానీ రిమ్మూ టైరూ రెండూ దానికి తగ్గవే ఉండాలి, లోపలి సీలెంట్ (పంక్చర్‌ని మూసే ద్రవం) కొన్ని నెలలకి ఎండిపోద్ది, మళ్ళీ పోస్కోవాలి. మొదటి అప్‌గ్రేడ్‌గా అక్కర్లేదు, ముందు మంచి టైర్, మంచి ట్యూబ్.

సీటు, హ్యాండిల్ టేప్, స్టెమ్, పెడల్స్

సీటు మార్చే ముందు పాత కొలతలు తీస్కోండి, క్రాంక్ మధ్య నుంచి సీటు పై దాకా ఎత్తు, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా దూరం. కొత్త సీటు ఎత్తు వేరుగా ఉండొచ్చు కాబట్టి పోస్ట్ మీద గుర్తు పెట్టుకుంటే సరిపోదు. మెత్తగా ఉన్న సీటే సుఖం అనుకోవద్దు. వెడల్పు మీ కూర్చునే ఎముకలకి సరిపోతే గట్టి సీటు మీద కూడా గంటలు గంటలు కూర్చోవచ్చు, సరిపోకపోతే దిండు పెట్టినా నొప్పే.

హ్యాండిల్ టేప్ కింద చివర్నుంచి మొదలుపెట్టి స్టెమ్ వైపు చుట్టుకుంటూ రండి, ప్రతి చుట్టూ ముందుదాన్ని మూడో వంతు దాకా కప్పాలి, లాగుడు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. పైన పట్టుకున్నప్పుడు చేతులు హ్యాండిల్‌ని మనవైపు మెలితిప్పుతాయి, అందుకే పై భాగంలో టేప్ ముందు నుంచి పైకెక్కి మనవైపు దిగేలా ఉండాలి, అలా ఉంటే పట్టుకున్నకొద్దీ బిగుసుద్ది, తిరగేసి చుడితే కొన్నాళ్ళకి వదులైపోద్ది.

స్టెమ్ మారిస్తే వరస తప్పొద్దు. పైన ఉన్న క్యాప్ బోల్టు హ్యాండిల్‌ని పట్టుకునేది కాదు, అది హెడ్‌సెట్ (ఫ్రేమ్‌లో ఫోర్క్ తిరిగే చోటు) బేరింగుల వదులు తీయడానికి మాత్రమే. అసలు పట్టుకునేవి స్టెమ్ పక్క బోల్టులు. అందుకని పక్క బోల్టులు వదులుగా ఉండగా పై క్యాప్ కొంచెం కొంచెం బిగించాలి, ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపి చూడాలి, కటకట మనకూడదు, అదే టైంలో ముందు చక్రం ఎత్తితే హ్యాండిల్ తేలిగ్గా పక్కకి తిరగాలి. ఆ రెండూ కుదిరాక స్టెమ్ చక్రానికి నేరుగా ఉందో లేదో చూసి, పక్క బోల్టులు ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి.

పెడల్స్ దగ్గర ఒక్కటే తిరకాసు, ఎడమ పెడల్ మరలు ఉల్టా. ఏ వైపుకి తిప్పాలో అయోమయం వస్తే ఇలా చేయండి: స్పానర్‌ని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి, రెండు వైపులా అలాగే లూజవుద్ది, ముందు చక్రం వైపు లాగితే బిగుసుద్ది. మరలకి గ్రీజు తప్పకుండా పెట్టండి, మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. వేళ్ళతో తిరగట్లేదంటే వంకరగా ఎక్కుతుందని అర్థం, బలవంతం చేస్తే క్రాంక్ మరలు పోతాయి.

బ్రేకులు

రిమ్ బ్రేక్ ఉన్నవాళ్ళకి మంచి ప్యాడ్స్ వేసుకోవడం అనేది చాలా తక్కువలో దొరికే పెద్ద మార్పు, ఎందుకు ఎవరూ పట్టించుకోరో తెలీదు. పాత ప్యాడ్స్ తీసి వెలుతురులో చూడండి, రబ్బరులో మెరిసే అల్యూమినియం తునకలు దిగి ఉంటాయి, అవే రిమ్ముని గీరుతుంటాయి. కార్ట్రిడ్జ్ ప్యాడ్స్ అయితే లోపలి రబ్బరు ఒక్కటే జారించి మార్చొచ్చు. అక్కడ హోల్డర్‌కి ఒక చివర మూసి, ఒక చివర తెరిచి ఉంటది. మూసిన చివర ముందు వైపు ఉండాలి. బ్రేక్ వేస్తే రిమ్ము ప్యాడ్‌ని ముందుకు లాక్కుపోద్ది, తెరిచిన చివర ముందుంటే ప్యాడ్ జారి బయటికొచ్చేస్తది, అప్పుడిక బ్రేకే ఉండదు. బిగించాక ఒకటికి రెండుసార్లు చూడండి.

ప్యాడ్ రిమ్ము మధ్యలో పడాలి, పైన టైర్‌ని తాకకూడదు, కింద రిమ్ము దాటకూడదు. కీచుమంటే ప్యాడ్ ముందు చివర ఒక మిల్లీమీటర్ ముందుగా తగిలేలా కొంచెం వంచి బిగించండి. ప్యాడ్ మారుస్తూ రిమ్ము మీద చెయ్యి పెట్టి చూడండి, పక్కన బాగా గుంటగా అరిగిపోయి ఉంటే రిమ్ము మార్చే టైం వచ్చేసింది, చాలా రిమ్ములకి అరుగుదల చూపించే చిన్న గుంటో గీతో ఉంటది, అది మాయమైతే ఆగొద్దు. కార్బన్ రిమ్ములకి వాటి ప్యాడ్స్ వేరు, మామూలువి వేస్తే వేడికి రిమ్ము చెడిపోద్ది.

డిస్క్ అయితే ప్యాడ్స్ మార్చే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోండి, రోటర్ (చక్రంతో తిరిగే డిస్క్ ప్లేటు) మీద వేలిముద్ర కూడా పడనివ్వొద్దు, చైన్‌కి కొట్టే స్ప్రే దాని దరిదాపుల్లో వాడొద్దు. నూనె తాగిన ప్యాడ్ మళ్ళీ మామూలు అవ్వడం కష్టం. పాత ప్యాడ్స్ ఉండగానే ప్లాస్టిక్ లివర్‌తో వాటిని నెమ్మదిగా విడదీస్తే పిస్టన్లు వెనక్కి వెళ్తాయి, తర్వాత పాతవి తీసి కొత్తవి పెట్టండి. చక్రం లేనప్పుడు పొరపాటున కూడా బ్రేక్ లివర్ నొక్కొద్దు, పిస్టన్లు ముందుకొచ్చేసి చక్రం దూరదు. షిమానో రోటర్ మందం కొత్తగా 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వచ్చేసరికి మార్చేయాలి. హైడ్రాలిక్ ఆయిల్ విషయంలో షిమానో మినరల్ ఆయిల్, స్రామ్ రోడ్ బ్రేకులు డాట్ ఫ్లూయిడ్, ఒకదానిలో ఇంకోటి పోస్తే లోపలి సీల్స్ పాడైపోతాయి. కొత్త ప్యాడ్స్ వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు స్పీడు నుంచి దాదాపు ఆగేదాకా నెమ్మదిగా బ్రేక్ వేయడం ఇరవై సార్ల దాకా చేయండి, చక్రం లాక్ కాకుండా. ఆ తర్వాతే పూర్తి పట్టు వస్తది.

కేబుల్స్, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని

గేర్లు సరిగ్గా పడట్లేదని డిరైలర్ మార్చేద్దాం అనుకునేవాళ్ళు ఆగండి, ముందు కేబులూ ఔటరూ (కేబుల్ మీది తొడుగు) మార్చి చూడండి. చాలాసార్లు డిరైలర్ తప్పు ఏమీ ఉండదు, లోపల దుమ్మూ తుప్పూ పట్టిన కేబుల్ ఇరుక్కుంటూ ఉంటది. కొత్త స్టెయిన్‌లెస్ కేబుల్, కొత్త ఔటర్ వేశాక పాత షిఫ్టరే ఎంత మెత్తగా నడుస్తుందో చూసి ఆశ్చర్యపోతారు.

గేర్ కేబుల్ 1.1 లేదా 1.2 మిల్లీమీటర్లు, బ్రేక్ కేబుల్ 1.5 లేదా 1.6. ఔటర్లు కూడా వేరు, బ్రేక్ ఔటర్ లోపల తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటది, మామూలు గేర్ ఔటర్ లోపల తీగలు నిలువునా పొడవుగా ఉంటాయి. గేర్ ఔటర్‌ని బ్రేక్‌కి ఎట్టి పరిస్థితిలో వాడకండి, గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు ఆ నిలువు తీగలు విచ్చుకుని ఔటర్ పగిలిపోవచ్చు.

పాత ఔటర్‌ని పక్కన పెట్టి దాని పొడవుకే కొత్తది కోయండి, పాతది మరీ పొట్టిగా లేకపోతేనే. హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పినా లాగినట్టు ఉండకూడదు. కోయడానికి మంచి కేబుల్ కట్టరే వాడండి, మామూలు ప్లయర్‌తో కోస్తే చివర చప్పిడి అయిపోద్ది. కోశాక లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయి ఉంటది, పిన్నీసుతో దాన్ని గుండ్రంగా తెరవండి, చివరని ఆకురాయితో సమంగా రుద్దండి, అప్పుడు క్యాప్ పెట్టండి. ఈ రెండు నిమిషాల పని మానేస్తే ఔటర్ చివర వంకరగా కూర్చుంటది, తొక్కినకొద్దీ నలుగుద్ది, గేర్ సెట్టింగ్ రోజుకో రకంగా మారుద్ది. కేబుల్ తగిలించాక సైకిల్ తొక్కకుండానే డిరైలర్ దగ్గర కేబుల్‌ని చేత్తో నాలుగైదు సార్లు గట్టిగా బయటికి లాగండి, ఔటర్లన్నీ క్యాపుల్లో సర్దుకుంటాయి, వచ్చిన వదులు తీసి మళ్ళీ బిగించండి. చివర మిగిలిన కేబుల్ కోసి ఎండ్ క్యాప్ నొక్కేయండి, లేకపోతే తీగలు విచ్చుకుని వేళ్ళకి గుచ్చుకుంటాయి.

చైన్, క్యాసెట్

చైన్ లింకు పొడవు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. అరిగినకొద్దీ పిన్నుల దగ్గర వదులొచ్చి మొత్తం పొడవు పెరుగుద్ది. 11, 12 స్పీడ్ చైన్ అయితే గేజ్ 0.5 శాతం చూపించగానే, 10, అంతకన్నా తక్కువ స్పీడ్ అయితే 0.75 దగ్గర మార్చేయండి. ఇంకొన్నాళ్ళు లాగుదాం అనుకుంటే సాగిన చైన్ క్యాసెట్ పళ్ళని తనకి తగ్గట్టు అరగదీసేస్తది, తర్వాత కొత్త చైన్ వేస్తే ఆ పళ్ళ మీద జారుద్ది, అప్పుడు క్యాసెట్ కూడా కొనాలి.

అదే క్యాసెట్ ఉంచితే పాత చైన్‌లో ఎన్ని లింకులున్నాయో కొత్తదానిలో అన్నే ఉంచండి, పొడవు పెట్టి పోల్చొద్దు, పాతది సాగి ఉంటది, లింకులు లెక్కపెట్టాలి. పెద్ద క్యాసెట్ వేస్తుంటే డిరైలర్‌లోంచి కాకుండా నేరుగా ముందు పెద్ద పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళ చక్రం మీద చుట్టి, చివరలు కలిసే చోటుకి ఇంకో రెండు లింకులు కలపండి. క్విక్ లింక్ (చైన్ చివరలు రెండూ కలిపే లింకు) పెట్టాక అది పైకి వచ్చేలా క్రాంక్ తిప్పి, వెనక బ్రేక్ పట్టుకుని పెడల్ మీద గట్టిగా నొక్కండి, టక్ మని లాక్ అవుద్ది. 11, 12 స్పీడ్ క్విక్ లింకులు చాలావరకు ఒక్కసారి వాడకానికే.

ఎక్కుడు రోడ్లలో మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే తేలికైన ఫ్రేమ్ కన్నా పెద్ద క్యాసెట్ ఎక్కువ ఉపయోగం. లెక్క చూడండి, ముందు 34, వెనక 28 అయితే క్రాంక్ ఒక చుట్టుకి సైకిల్ సుమారు 2.6 మీటర్లు పోతుంది, వెనక 34 అయితే సుమారు 2.14. నిమిషానికి 60 చుట్లు తొక్కితే మొదటిదానిలో గంటకి 9.3 కిలోమీటర్లు, రెండోదానిలో 7.7. అంటే కాళ్ళు అదే ఊపులో ఉంచి నెమ్మదిగా ఎక్కేయొచ్చు, నిలబడి తన్నుకులాడక్కర్లేదు. కానీ మీ డిరైలర్ అంత పెద్ద చక్రాన్ని మోయగలదా చూడాలి. ఉదాహరణకి షిమానో 105 ఆర్7000లో పొట్టి కేజ్‌కి (డిరైలర్ చిన్న చక్రాలు రెండూ ఉండే చట్రం) 30 పళ్ళ దాకానే, మీడియం కేజ్‌కి 34 దాకా అని కంపెనీ చెప్తుంది.

క్యాసెట్ తీయడానికి చైన్ విప్‌తో చక్రాన్ని ఆపి లాక్‌రింగ్ టూల్‌ని ఎడమకి తిప్పండి. పాత క్యాసెట్ వెనక పల్చటి స్పేసర్లు ఉంటే పారేయకుండా వరసలో పెట్టుకోండి. షిమానో 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం) పాతదానికన్నా 1.85 మిల్లీమీటర్లు పొడవు, అందుకే దానిమీద 8, 9, 10 స్పీడ్ క్యాసెట్ వేస్తే 1.85 స్పేసర్ పెట్టాలి, పెట్టకపోతే ఎంత బిగించినా క్యాసెట్ లొడలొడలాడుద్ది. ఫ్రీహబ్ మీద పల్చగా గ్రీజు రాయండి. గాడుల్లో ఒకటి మిగతావాటికన్నా వేరే వెడల్పు ఉంటది కాబట్టి చక్రాలు ఒకే రకంగా దూరతాయి. లాక్‌రింగ్‌కి 40 న్యూటన్ మీటర్లు, అంటే గట్టిగానే బిగించాలి, కటకటమని శబ్దం రావడం మామూలే.

గేర్లు కుదర్చడం

చైన్, క్యాసెట్, కేబుల్, చక్రం, ఏది మార్చినా చివరికి ఇక్కడికే రావాలి. ముందు సైకిల్ వెనక నిలబడి చూడండి, డిరైలర్ చక్రాలు రెండూ క్యాసెట్‌కి సమాంతరంగా నిలువుగా ఉండాలి. లోపలికి వంగి ఉంటే హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క) వంగింది, అది సరిచేయకుండా స్క్రూలు ఎంత తిప్పినా గేర్లు కుదరవు.

కేబుల్ విప్పి ఉండగా, చైన్ చిన్న పళ్ళ చక్రం మీద ఉండగా హెచ్ స్క్రూ (డిరైలర్ చిన్న చక్రం దాటి పోకుండా ఆపేది) తిప్పి డిరైలర్ పై చక్రం సరిగ్గా దాని కింద నిలువుగా వచ్చేలా పెట్టండి. కేబుల్ బిగించాక పెద్ద చక్రం మీదకి ఎక్కించి ఎల్ స్క్రూతో (పెద్ద చక్రం దాటి పోకుండా ఆపేది) అక్కడ కూడా అలాగే. ఎల్ స్క్రూ విషయంలో ఓపిక పట్టండి, అది వదులుగా ఉంటే చైన్ పెద్ద చక్రం దాటి స్పోక్స్‌లో పడుద్ది, నడిచే సైకిల్‌లో అలా పడితే చక్రం బిగుసుకుపోయి మనిషి కూడా పడొచ్చు. ఎల్ స్క్రూ పెట్టాక డిరైలర్‌ని చేత్తో లోపలికి తోసి చూడండి, స్పోక్స్‌ని తాకకూడదు.

ఇప్పుడు మధ్య గేర్లు. చిన్న చక్రం మీద నుంచి షిఫ్టర్ ఒక్క క్లిక్ నొక్కి క్రాంక్ తిప్పండి. రెండో చక్రం మీదకి ఎక్కడానికి తటపటాయిస్తుంటే కేబుల్ వదులుగా ఉన్నట్టు, డిరైలర్ దగ్గర బ్యారెల్‌ని (కేబుల్ బిగుతు సరిచేసే తిప్పుడు నట్టు) పావు చుట్టు బయటికి, అంటే ఎడమకి తిప్పండి. ఎక్కేసి మూడో దానికి రాసుకుంటూ శబ్దం చేస్తుంటే బిగుతెక్కువ, పావు చుట్టు లోపలికి. ఎప్పుడూ పావు చుట్టే, ప్రతిసారీ క్రాంక్ తిప్పి విని చూడండి, చెవి త్వరగా అలవాటు పడుద్ది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కి దిగేటప్పుడు మాత్రం ఆలస్యమవుతుంటే బ్యారెల్ వదిలేయండి, అది దాదాపు ఎప్పుడూ ఔటర్‌లో రాపిడే, పైన చెప్పిన కేబుల్ పనికి పొండి.

క్రాంక్, బాటమ్ బ్రాకెట్, వీల్స్

షిమానో 24 మిల్లీమీటర్ల యాక్సిల్ క్రాంక్ తీసి పెట్టడం కష్టం కాదు. ఎడమ క్రాంక్ చేతికున్న రెండు బోల్టులు వదులు చేసి, ప్లాస్టిక్ క్యాప్ తీసి, మధ్యలో ఉన్న చిన్న సేఫ్టీ ప్లేట్ ఎత్తితే వచ్చేస్తది. తిరిగి పెట్టేటప్పుడు క్యాప్ వేళ్ళతో బిగించినంతే చాలు, రెండు బోల్టులు మాత్రం ఒకటి మార్చి ఒకటి బిగిస్తూ 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకి తేవాలి. మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే బేరింగులు) అయితే, మామూలు బీఎస్ఏ రకంలో, చైన్ వైపు కప్పు ఉల్టా మరలు, ఇటాలియన్ రకంలో రెండు వైపులా మామూలువే. ప్రెస్ ఫిట్ రకం అయితే నా సలహా మెకానిక్‌కి ఇవ్వండి, సరైన ప్రెస్ లేకుండా సుత్తితో కొడితే బేరింగ్ వంకరగా దిగుద్ది, కార్బన్ ఫ్రేమ్ అయితే ఫ్రేమే పోద్ది.

వీల్స్ మార్చాలంటే యాక్సిల్, బ్రేక్ రకం, ఫ్రీహబ్ మూడూ కలవాలి. కొత్త చక్రంలో క్యాసెట్ ఒక వెంట్రుక వాసి అటూ ఇటూ కూర్చుంటది కాబట్టి గేర్లు మళ్ళీ చూడాలి, ఎల్ స్క్రూ ముఖ్యంగా. రిమ్ బ్రేక్ ఫ్రేమ్‌కి డిస్క్ పెట్టాలనే ఆలోచన మానుకోండి, ఫ్రేమ్ మీద, ఫోర్క్ మీద దానికి చోటే ఉండదు. గ్రూప్‌సెట్ మొత్తం మార్చాలంటే షిఫ్టర్లు, డిరైలర్లు, క్యాసెట్, చైన్ అన్నీ ఒకే కుటుంబంలోవి ఒకేసారి తీస్కోండి, పైన చెప్పిన పనులన్నీ చేసిన చేతికి అది కొత్త పనేం కాదు.

ఏది మార్చినా మొదటి రైడ్ ఇంటి చుట్టుపక్కలే, జేబులో 4, 5 అలెన్ కీలు పెట్టుకుని. కొత్త టైర్లు మొదట్లో కాస్త జారుడుగా ఉంటాయి, మలుపుల్లో పడుకోబెట్టొద్దు. తిరిగొచ్చాక పెడల్స్, క్రాంక్ బోల్టులు, స్టెమ్, సీటు బోల్టు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి, కేబుల్ కొంచెం సర్దుకుని ఉంటది కాబట్టి బ్యారెల్ ఒక పావు చుట్టు అవసరం పడొచ్చు. కొత్త చైన్ వేస్తే ఆ రోజు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారో రాసి పెట్టుకోండి, ఆ తర్వాత ప్రతి 500 కిలోమీటర్లకోసారి గేజ్ పెట్టి చూస్తే చాలు.